పండు ఈగ వెంట వచ్చే బ్యాక్టీరియాకి యాంటీబయాటిక్ కొట్టమంటున్నారు, కొట్టనా వద్దా?

గుణుపురం తోట:

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర, వంశధార గట్టున మూడెకరాల మామిడి తోట. పాత సువర్ణరేఖ చెట్లు పద్నాలుగు ఉన్నాయి, మిగతాదంతా ఆమ్రపాలి. సువర్ణరేఖ ముందే వచ్చేస్తుంది, వానలు పడేలోపు కోసి అమ్మేస్తాం, దాంతో ఏ గొడవా లేదు. బాధంతా ఆమ్రపాలితోనే. అది జూన్‌లో గానీ పక్వానికి రాదు, అప్పటికి నాలుగు జల్లులు పడి ఉంటాయి, ఎక్కడినుంచి వస్తుందో గానీ తోటంతా పండు ఈగే.

పోయిన వారం వ్యాన్ మాట్లాడుకుని నలభై క్రేట్లు ఆంధ్రా వైపు మార్కెట్‌కి పంపాను. బేరగాడు పై క్రేట్లోంచి నాలుగు కాయలు తీసి కోసి చూసి లోడు మొత్తం వద్దన్నాడు. కిరాయి కూడా మన మీదే పడింది. తిరిగొచ్చిన కాయలు అరుగు మీద పోసుకుని నేనూ మా ఆవిడా ఒక్కొక్కటీ కోసి చూశాం. పైకి ఏమీ కనపడదు, తొడిమకి కాస్త దిగువన సూదిమొన గుచ్చినంత చుక్క, దాని మీద ఎండిన జిగురు, అంతే. కత్తి పెడితే మాత్రం ఆ చుక్క కిందినుంచి టెంక దాకా కండంతా గోధుమరంగు నీరైపోయి ఉంది, పులిసిన వాసన. తెల్ల పురుగుల్ని పళ్ళెంలో వేస్తే ఒళ్ళు విల్లులా వంచి జానెడు దూరం ఎగిరాయి. మా ఆవిడ ఆ రోజు అన్నం తినలేదు.

ఎకరానికి నాలుగు చొప్పున ఎర బుట్టలు కట్టాను, ఈగల్ని రప్పించే మిథైల్ యూజినాల్ వాసన బిళ్ళ పెట్టినవి. రోజూ బుట్ట నిండా ఈగలు పడుతూనే ఉన్నాయి. అయినా కాయలు పుచ్చుతున్నాయి. మందు రెండుసార్లు కొట్టాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. మా మేనల్లుడు అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నాడు. పండు ఈగ కడుపులో బ్యాక్టీరియా ఉంటుందనీ, గుడ్డుతో పాటు దాన్ని కూడా కాయలో పెడుతుందనీ, కాయ కుళ్ళేది దాని వల్లేననీ వాడు అన్నాడు. ఆ మాట నేను మందుల కొట్టులో చెప్పాను. కొట్టాయన వెంటనే స్ట్రెప్టోమైసిన్ పొడి ప్యాకెట్లు తీసి బల్ల మీద పెట్టాడు, బ్యాక్టీరియా చస్తే పురుగు కూడా చస్తుంది, కొట్టేయండి అన్నాడు. తీసుకొచ్చాను గానీ ఇంకా కొట్టలేదు. వాడు చెప్పింది నిజమేనా? నిజమైతే ఈ పొడి పనిచేస్తుందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి, ఇంకా ఇరవై చెట్ల కాయ చెట్టు మీదే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.


రాయగడ సంత:

అన్నా, మీ బాధే మా బాధ. నా అనుభవంలో బుట్టలు దండగ, మందే మేలు. కాకపోతే ఒకే మందు రెండేళ్ళకు మించి పనిచేయదు, మూడో ఏడు ఈగ దాని మీద కూర్చుని కాళ్ళు తుడుచుకుంటుంది. బ్యాక్టీరియా సంగతి ఎప్పుడూ వినలేదు, నేను కూడా ఎదురుచూస్తుంటాను.


పర్లాకిమిడి పురుగుల బడి:

అన్నయ్యా, ముందు ఆ ప్యాకెట్లు తిరిగి ఇచ్చేయండి. ఎందుకో తర్వాత చెప్తాను. నాది పర్లాకిమిడి, నా పీహెచ్‌డీ ఈ ఈగల మీదే, ఇప్పుడు వేరే రాష్ట్రంలో పని. మీ మేనల్లుడు చెప్పింది నిజమే, వాడిని మెచ్చుకోండి, కొట్టాయన దాన్ని పట్టుకెళ్ళిన దారి మాత్రం తప్పు.

మీ మామిడికి వచ్చేది ఎక్కువగా బాక్ట్రోసెరా డోర్సాలిస్ అనే రకం ఈగ. ఆడ ఈగ పేగుల్లో కొన్ని రకాల బ్యాక్టీరియా కాపురం ఉంటాయి, క్లెబ్సియెల్లా, ఎంటరోబ్యాక్టర్, సిట్రోబ్యాక్టర్, ప్రావిడెన్సియా లాంటివి. ఈగ తోక చివరి సూది కాయలో దించి గుడ్డు వదిలేటప్పుడు ఆ గుడ్డుకి ఈ బ్యాక్టీరియా పూత అంటుకునే దిగుతుంది. వేడి రోజుల్లో ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగులుతుంది, ఈలోపు బ్యాక్టీరియా గాయంలో పెరిగి కండని మెత్తబరిచేసి ఉంటుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, ఆ పురుగుకి నమిలే పళ్ళు లేవు, నోటి దగ్గర రెండు నల్లటి కొక్కేలు ఉంటాయి, అంతే. గట్టి కాయని అది కొరకలేదు, గోకి పీల్చాలి. మీరు చూసిన గోధుమరంగు నీరు, పులిసిన వాసన, అదంతా పురుగు ఒక్కటే చేసిన పని కాదు, దాని వెంట వచ్చిన వంటవాళ్ళు చేసింది.

ఇంకో మాట. మామిడి గుజ్జులో చక్కెర దండిగా ఉంటుంది, మాంసకృత్తులు చాలా తక్కువ. పప్పు లేకుండా ఉత్త అన్నం తిన్నట్టే. పిల్ల పురుగు వారం పది రోజుల్లో అంత లావు కావాలంటే ఆ పప్పు ఎక్కడిదో కావాలి. పురుగు గుజ్జుతో పాటు బ్యాక్టీరియాని కూడా తింటుంది. మెడిటరేనియన్ పండు ఈగ అని ఇంకొకటి ఉంది, మన దేశంలో లేదు, ఆఫ్రికాలో పుట్టి ప్రపంచమంతా పాకింది. దాని పేగుల్లో ఉండే బ్యాక్టీరియా మాంసకృత్తులకి కావాల్సిన నత్రజనిని గాలిలోంచి పట్టి ఇస్తుందని 2005లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చూపించారు. మన వేరుశెనగ వేరు బుడిపెల్లో జరిగేలాంటి పనే, ఇక్కడ ఈగ కడుపులో జరుగుతోంది. మొదటిసారి ఆ పేపర్ చదివినప్పుడు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఇక బ్యాక్టీరియాని చంపితే ఈగ చస్తుందా అన్న ప్రశ్న. ఒక ఈగ విషయంలో దాదాపు అవుననే చెప్పాలి. అది ఆలివ్ కాయల ఈగ, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో ఉంటుంది, మన ఈగకి దాయాది. దాని తలలో గొంతు పక్కన ఒక చిన్న బుడిపె ఉంటుంది, దాని నిండా బ్యాక్టీరియా ఉంటుందని పెట్రి అనే ఇటలీ ఆయన 1909లోనే రాశాడు. ఆ బ్యాక్టీరియాకి ఎర్వీనియా డాసికోలా అని పేరు పెట్టింది మాత్రం దాదాపు నూరేళ్ళ తర్వాత, 2005లో. పచ్చి ఆలివ్ కాయలో చేదు పదార్థం ఉంటుంది, అది పురుగుల్ని ఎదగనివ్వదు. తల్లి ఇచ్చిన ఈ బ్యాక్టీరియా తోడుంటేనే పిల్ల పురుగు పచ్చికాయలో బతుకుతుంది, లేకపోతే పండిన కాయలో తప్ప బతకలేదు. అందుకే అక్కడ కొందరు రాగి మందు పిచికారీ చేసి ఆ బ్యాక్టీరియాని దెబ్బకొట్టే ప్రయత్నం చేశారు, కొంత ఫలితం కూడా కనపడింది.

మరి మనమూ అదే చేయొచ్చు కదా అంటారు. కుదరదు. ఆలివ్ ఈగది ఒక్కరితోనే కాపురం, లక్షల ఏళ్ళనుంచి తల్లినుంచి బిడ్డకి అదే బ్యాక్టీరియా. మన మామిడి ఈగది సంత. పదిమంది వస్తారు, పదిమంది పోతారు, ఒకడు లేకపోతే ఇంకొకడు ఆ పని చేస్తాడు. ఆకుల మీద ఉన్నదాన్ని, పక్షి రెట్టని, కారిన రసాన్ని నాకి నాకి ఈగ కొత్తవాళ్ళని ఎప్పటికప్పుడు పోగేసుకుంటుంది. మీరు ఆకుల మీద కొట్టే పొడి కాయ లోపల గాయంలోకి వెళ్ళదు, ఈగ పేగుల్ని ఖాళీ చేయదు. చేసినా రెండు రోజుల్లో మళ్ళీ నిండుతుంది.

స్ట్రెప్టోమైసిన్ అంటే క్షయ రోగులకి వాడిన మందు అన్నయ్యా. దాన్ని తోటలో కురిపిస్తే ఈగ దగ్గరా నేలలోనూ ఉన్న బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతుంది, రేపు ఆ మందు అవసరమైన మనిషికి పనిచేయకుండా పోతుంది. మన కొండల్లో క్షయ ఎంతమందిని తీసుకుపోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. దయచేసి కొట్టకండి.


గుణుపురం తోట:

తమ్ముడూ, చాలా థ్యాంక్స్. ప్యాకెట్లు రేపే తిరిగిచ్చేస్తాను. క్షయ మాట వినగానే మా నాన్న గుర్తొచ్చాడు, ఇక దాని గురించి ఆలోచించను.

కానీ ఒక్కటి చెప్పు. బ్యాక్టీరియాని మనం ఏమీ చేయలేనప్పుడు, అది ఉందని తెలిసి మాత్రం రైతుకి ఏం లాభం? కోపంగా అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఇంకోటి, బుట్టల్లో ఇన్ని ఈగలు పడుతున్నా కాయ ఎందుకు పుచ్చుతోంది?


కాశీనగర్ కూరగాయలు:

అన్నయ్యా, ఆ తమ్ముడు జవాబు ఇచ్చేలోపు నా సంగతి చెప్తాను. నాకు మామిడి లేదు, కాకర, బీర, పొట్ల వేస్తాను. మా కాకరకి వచ్చేది ఇంకో ఈగ, పండు ఈగే గానీ ఒంటి రంగు వేరు, రెక్క మీద మచ్చ ఉంటుంది. దానికి మిథైల్ యూజినాల్ బిళ్ళ పనికిరాదు, క్యూ లూర్ అనే వేరే వాసన బిళ్ళ పెట్టాలి. మొదటి ఏడు నేను మామిడి బిళ్ళ తెచ్చి కట్టి నెల రోజులు మోసపోయాను, కొట్టులో ఎవరూ చెప్పలేదు.

నా అసలు తప్పు అది కాదు. పుచ్చు కాకరకాయలు ఏరి, వంకర తిరిగినవీ పసుపెక్కినవీ అన్నీ తట్టలో వేసి పొలం మూలన గెత్తం కుప్ప మీద పోసేదాన్ని. కుళ్ళి ఎరువవుతుంది కదా అనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే కుప్ప తిరగేస్తుంటే వడ్లగింజ అంత, గోధుమరంగు గింజలు గుప్పెడు వచ్చాయి. చేతిలో పెట్టుకు చూస్తే ఒకదాని కొన టోపీలా ఊడి ఈగ బయటికి వస్తోంది, రెక్కలు ఇంకా ముడతలు పడి ఉన్నాయి, తల మీద ఒక తెల్ల బుడగ ఉబ్బుతోంది, తగ్గుతోంది. నేనే నా పొలం పక్కన ఈగల్ని పెంచుతున్నానని ఆ క్షణంలో తెలిసింది. కాళ్ళు వణికాయి.

అప్పటినుంచి ఒక్క కాయ కూడా నేల మీద ఉంచను. రోజు విడిచి రోజు ఏరి నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి ఎండలో పడేస్తాను. సంచి ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, లోపల ఏదీ బతకదు. పందిరి కింద మట్టిని పైపైన గోకి కోళ్ళని వదులుతాను. ఈగ పోలేదు, అబద్ధం ఎందుకు, కానీ ఇప్పుడు సంతకి తీసుకెళ్ళిన కాయలు తిరిగి తెచ్చుకోవడం లేదు.


పర్లాకిమిడి పురుగుల బడి:

అక్కా, మీరు చెప్పింది నేను పది పేజీల్లో కూడా ఇంత బాగా చెప్పలేను. తల మీది ఆ తెల్ల బుడగతోనే అది మూతని పగలగొట్టి బయటికి వస్తుంది, మీరు సరిగ్గా చూశారు.

అన్నయ్యా, లాభం ఏమిటన్నారు కదా.

మొదటిది, రాలిన కాయ. చాలామంది ఈగ గాలిలో వస్తుంది కాబట్టి గాలిలోనే చంపాలనుకుంటారు. కానీ దాని ఇల్లు ఆ కుళ్ళు. పుచ్చిన కాయ త్వరగా రాలుతుంది, రాలాక లోపల కుళ్ళు ఇంకా పెరుగుతుంది, పురుగు అందులో పెరిగి బయటికి దూకి మట్టిలో వేలెడు లోతు కూడా లేనిచోట గింజలా మారి పది రోజులకి ఈగై లేస్తుంది. ఒక్క ఆడ ఈగ జీవితంలో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. అంటే చెట్టు కింద నాలుగు కాయలు వదిలేస్తే వచ్చే నెల తోటకి సరిపడా ఈగల్ని మనమే సప్లై చేసినట్టు. ఏరడం చిన్న పనిలా ఉంటుంది, ఎవరూ దానికి మందు బిల్లు కట్టరు కాబట్టి ఎవరూ గట్టిగా చెప్పరు. నా దృష్టిలో మందు కంటే ఇదే పెద్ద పని. పూడ్చేటట్టయితే రెండడుగుల లోతుకి తక్కువ కాకుండా పూడ్చాలి, పైపైన మట్టి కప్పితే ఈగ తోసుకుని వచ్చేస్తుంది.

రెండోది, మందు ఎప్పుడు కొట్టకూడదో తెలుస్తుంది. కాయకి చుక్క పడ్డాక పైన కొట్టే మందు లోపలి పురుగుని అందుకోదు, బ్యాక్టీరియా అప్పటికే తన పని మొదలుపెట్టి ఉంటుంది. చుక్కలు చూసి కంగారుపడి కొట్టే మందు డబ్బు నీళ్ళలో పోసినట్టే, పైగా కోతకి ముందు కాయ మీద విషం మిగులుతుంది.

మూడోది, ఆకలి. ప్యూపా అనే ఆ గింజలోంచి బయటికి వచ్చిన ఆడ ఈగ వెంటనే గుడ్డు పెట్టలేదు, వారం పది రోజులు మాంసకృత్తులు తిని ఒళ్ళు పట్టాలి. అందుకే ఆకుల మీద బ్యాక్టీరియాని నాకుతూ తిరుగుతుంది. మీరు ఎప్పుడైనా గమనించారో లేదో, మధ్యాహ్నం ఆకు అడుగున కూర్చుని నోట్లోంచి ఒక నీటి బొట్టు బయటికి తీసి, అలాగే పట్టుకుని, మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. ఆస్ట్రేలియాలో డ్రూ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1983లోనే రాశారు, పెద్ద ఈగలకి ఈ బ్యాక్టీరియా సహజమైన తిండి అని. ప్రొటీన్ ఎర మందు పనిచేసేది ఈ ఆకలి మీదే. ప్రొటీన్ కుళ్ళితే వచ్చే అమ్మోనియా వాసనకి ఆడ ఈగ వస్తుంది. ప్రొటీన్ హైడ్రోలైసేట్, అంటే విరగ్గొట్టిన ప్రొటీన్ ఎర, దొరికితే మంచిది, దొరకకపోతే మన రైతులు వాడే బెల్లం మందు ద్రావణం. తోటంతా తడపక్కర్లేదు, చెట్టుకి ఒకచోట, మొదలు మీదో కింది ఆకుల మీదో కొడితే చాలు. మందు, మోతాదు మీ కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) వాళ్ళని అడిగి, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా అడిగి అప్పుడు కొట్టండి.

ఇక బుట్టలు. మిథైల్ యూజినాల్‌కి వచ్చేవన్నీ మగ ఈగలు. బుట్టలో పడ్డవాటిని తిరగేసి చూడండి, తోక చివర సూది ఉన్నది ఒక్కటి దొరికితే గొప్పే. కాయని గుచ్చేది ఆడది. మగవాటిలో నూటికి పది మిగిలినా అవి ఎన్నో ఆడవాటితో కలుస్తాయి, పైగా మీ బుట్టలో మీ తోటవి చచ్చాక పక్క తోటనుంచి వస్తాయి. ఈ వాసన సంగతి కనిపెట్టింది మన దేశంలోనే. బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త, ఎవరో దోమలకని రాసుకున్న సిట్రొనెల్లా నూనెకి మగ పండు ఈగలు ముసురుకోవడం చూసి 1912లో రాశాడు, 1915కల్లా అది మిథైల్ యూజినాల్ పని అని తేల్చాడు. మన తులసిలో కూడా అదే ఉంటుంది. పసిఫిక్‌లో రోటా అనే చిన్న దీవిలో ఈ వాసన, విషం కలిపి నానబెట్టిన అట్టముక్కలు విమానంలోంచి దీవంతా చల్లి 1960ల్లో ఈ ఈగని పూర్తిగా లేకుండా చేశారు. దీవంతా ఒకేసారి చేశారు కాబట్టి అయింది. మూడెకరాల్లో చేస్తే కాదు. కాబట్టి బుట్టలు తీసేయకండి, ఊరంతా కట్టేలా చూడండి.


రాయగడ సంత:

సార్, ముందు బుట్టలు దండగ అని రాసింది నేనే. ఇప్పుడు అర్థమైంది, నేను ఒక్కడినే కట్టుకుని ఊరుకున్నాను.

రెండు సందేహాలు. మందు మూడో ఏడు పనిచేయకపోవడానికీ ఈ బ్యాక్టీరియాకీ ఏమైనా సంబంధం ఉందా? రెండు, ఈ ఈగని ఇన్వేసివ్ పురుగు అంటారు, అంటే బయటినుంచి దండెత్తి వచ్చింది అని కదా, మన దగ్గరికి ఎక్కడినుంచి వచ్చింది?


పర్లాకిమిడి పురుగుల బడి:

మంచి ప్రశ్నలు. మొదటిదానికి, ఉందనే చెప్పాలి. 2017లో చైనా శాస్త్రవేత్తలు ఈ మామిడి ఈగ పేగుల్లోంచే ఒక సిట్రోబ్యాక్టర్‌ని తీశారు. అది ట్రైక్లోర్‌ఫాన్ అనే పురుగుమందుని విరగ్గొట్టి తినేస్తుంది. ఆ బ్యాక్టీరియా ఉన్న ఈగలు మందుని ఎక్కువ తట్టుకున్నాయి, దాన్ని తీసేస్తే తేలిగ్గా చచ్చాయి. మందుకి అలవాటు పడడంలో ఈగ సొంత శరీరం చేసేది కూడా చాలా ఉంటుంది, అన్నీ బ్యాక్టీరియా మీద తోయకూడదు. కానీ ఒకే మందు ఏటా కొడితే ఈగతో పాటు దాని కడుపులో ఉన్నవాళ్ళని కూడా మనం ఆ మందు మీద పెంచినట్టే అవుతుంది.

రెండోదానికి జవాబు కాస్త బాధగా ఉంటుంది. ఇది మన ఆసియా ఈగే. దండయాత్ర ఇక్కడినుంచి బయటికి జరిగింది. 1940ల మధ్యలో హవాయికి వెళ్ళింది. 2003లో కెన్యాలో కనపడింది, అక్కడి మామిడి రైతులు దాన్ని ఎన్నడూ చూడలేదు, కొత్త జాతి అనుకుని 2005లో బాక్ట్రోసెరా ఇన్వాడెన్స్ అని పేరు పెట్టారు, పదేళ్ళు పరిశోధించి 2015లో ఇది పాత డోర్సాలిసే అని తేల్చారు. ఆ పదేళ్ళలో అది ఆఫ్రికాలో ఎన్నో దేశాలకి పాకిపోయింది. అమెరికాలోని ఫ్లోరిడాలో 2015లో కనపడితే మయామీ దగ్గర తోటలకి క్వారంటైన్ పెట్టి 2016 మొదట్లో వదిలించుకున్నారు. 2018లో ఇటలీలో కూడా దొరికింది. ఎవరి సంచిలోనో రెండు పళ్ళు చాలు, ఓడలూ విమానాలూ మిగతా పని చేస్తాయి.

కొత్త దేశంలో దిగినప్పుడు ఈగ ఒంటరిగా దిగదు, ఈ బ్యాక్టీరియా పరివారాన్ని వెంటబెట్టుకునే దిగుతుంది. అక్కడ దొరికే పండు దానికి కొత్తది. అలాంటి కొత్త పండులో కూడా కండని కుళ్ళబెట్టి బువ్వ వండిపెట్టేవాళ్ళు వెంట ఉంటే బతకడం ఎంత తేలికో ఆలోచించండి. ఈ ఈగ మూడు వందలకు పైగా రకాల పళ్ళూ కాయల్లో పెరగగలదు, మామిడి, జామ, బొప్పాయి, అరటి, రేగు, ఒకటేమిటి. అంత విస్తారమైన తిండి వెనక ఈ పరివారం చేయి ఎంతో విడదీసి చూడాలని చాలామంది పనిచేస్తున్నారు, నేనూ అందులో ఒకడిని.


విజయనగరం ప్యాక్‌హౌస్:

ఈ చర్చలోకి కాస్త ఆలస్యంగా వచ్చాను. నేను మామిడి గ్రేడింగ్ పనిలో పదిహేనేళ్ళు ఉన్నాను. 2014 మే నెలలో యూరప్ వాళ్ళు మన మామిడినీ, దాంతోపాటు కాకర, పొట్ల, వంకాయ, చేమనీ ఆపేశారు, కారణం పెట్టెల్లో దొరికిన పండు ఈగలూ, ఇంకొన్ని పురుగులూ. మామిడి మీద నిషేధం 2015 జనవరిలో తీశారు. అప్పటినుంచి 48 డిగ్రీల వేడి నీళ్ళలో గంటసేపు ఉంచి పంపడం లాంటివి వచ్చాయి. ఆ రోజుల్లో బయట దేశం వాళ్ళు మనల్ని అవమానించారని మేమంతా కోపంగా ఉండేవాళ్ళం. కెన్యా సంగతి ఇక్కడ చదివాక వాళ్ళ భయం అర్థమవుతోంది.

గుణుపురం అన్నకి ఒక మాట. ఆమ్రపాలి కాయ చిన్నది, గుత్తుగా ఉంటుంది, అన్నిటికీ కాగితం సంచి తొడగడం కుదరదు. కానీ మంచి ధర వచ్చే రెండు మూడు చెట్లకైనా కాయ కోడిగుడ్డు సైజులో ఉన్నప్పుడే తొడిగి చూడండి. ఈగ సూది దించలేకపోతే బ్యాక్టీరియా కూడా దిగదు. నేను చూసిన కాయల్లో సంచి తొడిగినవి కోస్తే పుచ్చు దాదాపు కనపడలేదు. ఈ ఏడాదికి ఆలస్యమైంది, వచ్చే ఏడాదికి గుర్తుంచుకోండి. ఇంకోటి, పండేదాకా ఆగకుండా పక్వానికి రాగానే కోసేయండి, చెట్టు మీద మాగుతున్న కాయ అంటే ఈగకి పెళ్ళి విందు.


గుణుపురం తోట:

నాలుగు రోజులు రాయలేకపోయాను, తోటలోనే ఉన్నాను.

అందరూ చెప్పింది చదివి మర్నాడు పొద్దున్నే బోరు షెడ్డు వెనక్కి వెళ్ళాను. ఏటా రాలిన కాయలు అక్కడే కుప్ప పోస్తాం. పోయిన వారం వెనక్కొచ్చిన లోడులో సగం కూడా అక్కడే పోశాను. పారతో ఒక్క పొర ఎత్తానో లేదో, కాశీనగర్ చెల్లెమ్మ చెప్పినట్టే గింజలు. ఒక పారకి ఎన్నో లెక్కపెట్టాలని కూర్చున్నాను, నూటపది దాటాక ఇక మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ కుప్పకి ముప్పై అడుగుల దూరంలోనే నా మొదటి వరస ఆమ్రపాలి ఉంది. అక్కడే పుచ్చు అన్నిటికంటే ఎక్కువ. ఇన్నాళ్ళూ అక్కడ నీడ ఎక్కువ కాబట్టి అనుకున్నాను.

ఇద్దరు కూలీలని పెట్టి గొయ్యి తీయించి కుప్ప మొత్తం పూడ్చాను, పైన మూడడుగుల మట్టి. బుట్టల్లోవి తిరగేసి చూశాను, తమ్ముడు చెప్పినట్టే సూది ఉన్నది ఒక్కటీ లేదు. పక్వానికి వచ్చినవి నిన్న కోసి స్థానికంగానే అమ్మేశాను, ధర తక్కువే, కానీ తిరిగి రాలేదు.

మా పైన కొండ వాలులో సవర రైతుల మామిడి, జీడి తోటలు ఉన్నాయి, ఊళ్ళో ప్రతి పెరట్లో జామ చెట్టు ఉంది. నా ఒక్కడి తోట శుభ్రం చేస్తే చాలదని అర్థమైంది. ఆదివారం సంతలో ఓ పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడాలనుకుంటున్నాను, ఒడియా, సవర రెండూ వచ్చిన మాస్టారు ఒకాయన వస్తానన్నారు. వాళ్ళకి చూపించడానికి సీసాలో ఆ గింజలు కొన్ని వేసి, మూతికి గుడ్డ కట్టి పెట్టాను, ఆదివారానికి ఈగలు లేస్తాయనుకుంటా.

ఒక సందేహం మిగిలింది. అందరూ గోతులు తవ్వలేరు, కొండ మీద రాయి. సంచులు కొనడం కూడా కష్టమే. వేరే దారి ఉందా?


పర్లాకిమిడి పురుగుల బడి:

అన్నయ్యా, సీసా ఆలోచన చాలా బాగుంది, కళ్ళతో చూస్తే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మూతి గుడ్డ గట్టిగా కట్టండి.

దారి ఉంది. హవాయిలో రైతులు చేసిన పని ఇది. చిన్న గుడారంలాంటిది కట్టి, రాలిన కాయలన్నీ అందులో వేసి మూసేస్తారు. దానికి ఒక కిటికీ, ఆ కిటికీకి వల. వల కన్నం ఎంతంటే పండు ఈగ దూరలేదు, కానీ ఈగ గుడ్లనీ పురుగునీ తినే సన్న కందిరీగ, బదనిక అంటారు కదా, అది దూరిపోతుంది. పుచ్చు కాయల్లో ఈగతో పాటు దాని శత్రువు కూడా పెరుగుతుంటుంది. పూడ్చేస్తే రెండూ చస్తాయి. ఇలా చేస్తే ఈగ లోపలే చస్తుంది, కందిరీగ బయటికి వచ్చి మళ్ళీ తోటలో ఈగ గుడ్లు వెతుక్కుంటుంది.

మీకు గుడారం అక్కర్లేదు. పాత నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి చాలు, నాలుగైదు ఇళ్ళకి కలిపి ఒకటి. మూత మధ్యలో కోసి వల బిగించండి. వల కొనేముందు మీ సీసాలోని ఈగ ఒకదాన్ని వల ముక్క కింద పెట్టి చూడండి, దూరితే ఇంకా సన్నది కావాలి. అంచుల దగ్గర సందు లేకుండా ట్యూబు రబ్బరుతో కట్టాలి, ఈగకి చిన్న సందు చాలు. అడుగున రెండంగుళాల ఇసుక పోయండి, రసం పీలుస్తుంది. నీడలో పెట్టండి, ఎండలో పెడితే కందిరీగలు కూడా ఉడికిపోతాయి. చివరి కాయ వేశాక నెల రోజులు మూత తీయకూడదు, పిల్లలు తీయకుండా చూసుకోవాలి.


కాశీనగర్ కూరగాయలు:

డ్రమ్ము నేనూ పెడతాను తమ్ముడూ. అన్నయ్యా, ఆదివారం నేను కూడా వస్తాను, నాలుగు నల్ల సంచులు, రెండు క్యూ లూర్ బుట్టలు తెస్తాను. ఆ మాస్టారిని కాస్త ముందే రమ్మనండి, పెరట్లో కాకర పాదులు పెట్టుకున్న ఆడవాళ్ళతో నాకు విడిగా మాట్లాడాలని ఉంది.